మోడెంకిచ్చిన పాత నంబరు

బీకాం పాసయ్యాక నాకు సిరిసిల్లలో ఒక నూలు సేటు ఆఫీసులో ఉద్యోగం దొరికింది. అందులో సగం లెక్కలు, సగం కేకలు. ఆ ఆఫీసు ఫోనే మా వాడకట్టు మొత్తానికి ఫోను. పెళ్లి కార్డు మీదైనా, లోను దరఖాస్తు మీదైనా అందరూ మా సేటు నంబరే వేసి పక్కన పి.పి. అని రాసుకునేవాళ్లు. ఫోను మాది కాదు గానీ పిలిస్తే వస్తాం అని దానర్థం. ఆ పిలిచేవాణ్ని నేను. కిటికీ ఊచలు పట్టుకుని గల్లీలోకి ఒక పేరు అరిస్తే అది సాంచెల మోతను దాటుకుని చివరి ఇంటి దాకా పోయేది. నేను డిగ్రీలో నేర్చుకున్నదేదీ అంత దూరం పోలేదు.

సాంచె అంటే మా దగ్గర పవర్‌లూమ్. వాటి పక్కన పెరిగినవాళ్లకు మోత ఒక అడ్డంకి కాదు. ఇద్దరు మనుషులు చెరో సాంచె దగ్గర నిలబడి సంబంధాలు మాట్లాడుకోగలరు, తగాదా పడగలరు, మళ్లీ కలవగలరు. అవతలివాడికి వినపడిందా లేదా అని ఎవరూ ఆగి అడగరు. చెప్పాల్సింది చెప్పేస్తారు, అందాల్సింది అందుతుంది. మా అన్న అట్లాంటి మనిషి. సాంచెలు సరిగ్గా నడవని కాలంలో దుబాయి పోయాడు. పోయినా ఆ అలవాటు వదల్లేదు.

శుక్రవారం అక్కడ సెలవు. మధ్యాహ్నం దాటాక అన్న ఫోన్ చేసేవాడు. నేను కిటికీలోంచి అరిచేవాణ్ని. వదిన బీడీల చాట పక్కన పెట్టి, తునికాకు పొడి కొంగుకు తుడుచుకుంటూ వచ్చేది. ఆఫీసులో సేటు, గుమాస్తాలు, నూలు కోసం వచ్చిన సాంచెల ఆసాములు, బేళ్లు మోసే హమాలీలు. అంతమంది మధ్య మొగుడితో ఫోన్లో మాట్లాడడమంటే బస్టాండులో స్నానం చేసినట్టే. అందుకని వదిన మాటలు ఎప్పుడూ అవే ఉండేవి. ఆ. మంచిగున్న. నువ్వు మంచిగున్నవా. పిల్ల బడికి పోతన్నది. ఆ.

కొన్నిసార్లు లైను బాగుండేది కాదు. అప్పుడు అన్న అటునుంచి, నాకు ఇనవడ్తలేదు గని నీకు ఇనవడ్తది, నేను జెప్తన్న, ఇను, అని మొదలుపెట్టి చెప్పేదంతా చెప్పి పెట్టేసేవాడు. నిజంగానే మాకు వినపడేది కూడా.

ఒక శుక్రవారం ఆయన కాంట్రాక్టు అయిపోవస్తోందని, కంపెనీ ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టమంటోందని చెప్పాడు. మీరు ఆలోచన చేయండి, వచ్చే వారాల్లో మళ్లీ అడుగుతా అన్నాడు. వదిన ఆ అంది. తర్వాత చాలా వారాల దాకా మాకు మంచి లైను దొరకదని అప్పుడు తెలీదు.

ఆ రోజుల్లోనే ఎదురు దుకాణం సేటు కారు కొన్నాడు. మా సేటుకు కారు నడపరాదు. అందుకని ఫోన్ సిస్టం కొన్నాడు. డిజిటల్‌ది. ఆయన టేబుల్ మీద తెర ఉన్న సెట్టు, గోదాములో ఒకటి, నా దగ్గర ఒకటి. దాంతోపాటు కంప్యూటరు, మోడెం. షోలాపూర్ పార్టీ ఆర్డర్లు ఇకనుంచి వాళ్ల కంప్యూటర్లోంచి మన కంప్యూటర్లోకి ఫోన్ లైను మీద వచ్చేస్తాయని సేటు నెల ముందునుంచే వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతున్నాడు.

బిగించడానికి జగిత్యాల నుంచి మెకానిక్ వచ్చాడు. కొత్త ఫోన్ సాకెట్టు, మోడెం వైరు ఒకదాంట్లో ఒకటి చక్కగా పట్టాయి. అవి పట్టకపోయి ఉంటే బాగుండేది. మోడెం లైట్లు ఒక్కసారి వెలిగి, ఆఫీసును చూసి, ఆరిపోయాయి. కాలిన వాసన వచ్చింది. రెండో మోడెం పెట్టినప్పుడు కూడా అదే వాసన వచ్చేసరికి మెకానిక్‌కు అనుమానం మొదలైంది. జగిత్యాల షాపుకు ఫోన్ చేసి చాలాసేపు విన్నాడు. తర్వాత నాకు చెప్పాడు. ఈ కొత్త సెట్ల వైర్లలో మాట మాటలాగా పోదట, అంకెలై పోతుందట. కరెంటు కూడా వేరేనట. మోడెం పాతకాలం మనిషి, దానికి చప్పుడు తప్ప వేరే భాష రాదు. సిస్టం పెట్టెలో పాత రకం ఫోన్లకు సరిపోయే కార్డు ఒకటి దించితే ఆ కార్డు నుంచి మోడెంకు వైరు ఇవ్వొచ్చు. కార్డు హైదరాబాదు నుంచి రావాలి.

అది వచ్చేదాకా మోడెంకు ఒక లైను నేరుగా ఇచ్చేద్దామన్నారు. ఆఫీసుకు రెండు లైన్లున్నాయి. కొత్త నంబరు బిల్లుల మీద అచ్చయింది కాబట్టి అది సిస్టంకు పోయింది. ఎవరూ వాడని పాత నంబరు మోడెంకు పోయింది. ఎవరూ వాడనిది అన్న మాట సేటుది. మన బిల్లు పెరగకుండా షోలాపూర్ వాళ్లే ఫోన్ చేయాలని ఏర్పాటు. వాళ్లు ఎప్పుడు చేస్తారో తెలీదు కాబట్టి మోడెం మొదటి రింగుకే ఎత్తేటట్టు పెట్టారు. పాత సెట్లు రెండూ ఎక్స్ఛేంజ్ కింద మెకానిక్ పట్టుకుపోయాడు.

వాడకట్టంతా ఆ నంబరే ఇచ్చుకున్నారని సేటుకు చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"కొత్త నంబరు చెప్పు అందరికీ. ఫోను రావద్దని నేనేమన్నా అన్ననా?"

నిజమే, అనలేదు. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. భీవండిలో, బొంబాయిలో ఉన్నవాళ్లకు వారంలో కబురు చేరింది. అన్నకు ఉత్తరం రాశాను. అది అన్న ఉండే క్యాంపుకు చేరేసరికి వాళ్లను ఇంకో సైటుకు, ఇంకో క్యాంపుకు మార్చేశారు. ఆ సంగతి మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

అదే నెలలో వదినకు మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. తర్వాత మెట్లు లేకున్నా వచ్చింది. జగిత్యాలలో గుండె డాక్టరు ఉన్నాడంటే తీసుకుపోయాను. ఆయన చాలాసేపు విని, గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవట్లేదు, చిన్నప్పుడు వచ్చిన జ్వరం వల్ల అయి ఉంటుంది, హైదరాబాదు పోయి ఆపరేషన్ చేయించండి, ఆలస్యం చేయకండి అన్నాడు. నేను అక్కడికక్కడే వచ్చే వారం పోదామన్నాను. తిరుగు బస్సులో, టికెట్ తీసుకున్న తర్వాత, కిటికీలోంచి బయటికి చూస్తూ వదిన అంది.

"నువ్వు తీస్కపోతవు మరిది, నాకెర్కే. గని గుండె కోసేటప్పుడు బయట ఆయన గూసోవాలె."

ఉత్తరం రాస్తానంటే వద్దంది. దుబాయిలో ఉన్నవాడికి రోగం సంగతి కాగితం మీద పంపకూడదని మా దగ్గర ఒక కట్టుబాటు. అది చదివి అక్కడ వాడు ఒక్కడే కూర్చుంటాడు, అడగడానికి మనిషి ఉండడు. నోటితోనే చెప్పాలి. అన్న ఎట్లాగూ ఫోన్లో అడుగుతా అన్నాడు కదా, సంతకం పెట్టాల్నా వద్దా అని.

"ఈసారి అడిగితే రమ్మంట," అంది వదిన.

"ఆఫీసుల అందరుంటరు గద వదినా."

"ఉండనీ. గట్టిగనే అంట."

శుక్రవారం వదిన పిలవకుండానే వచ్చి ఆఫీసు అరుగు మీద చాట పెట్టుకుని కూర్చునేది. కొత్త నంబరు మోగితే తలెత్తేది. అది నూలు ధర అడిగేవాడు అయ్యుండేవాడు. మధ్యాహ్నం దాటాక మూలనున్న మోడెం ఒక్కసారి లేచేది. పిల్లి తోక మీద కాలేసి తీయడం మర్చిపోయినట్టు ఒక కూత. తర్వాత గరగర. నిమిషం లోపలే దానంతటదే ఊరుకునేది. కాసేపటికి మళ్లీ.

"ఎవలు మరిది?"

"షోలాపూర్, వదినా."

సగం నమ్మే చెప్పాను. షోలాపూర్ అయితే కూత తర్వాత తెర మీద ఆర్డరు రావాలి. ఈ కూతల తర్వాత ఏమీ వచ్చేది కాదు. అవతల మిషను కాక మనిషి ఉంటే మోడెం కొంతసేపు పిలిచి, జవాబు లేక పెట్టేస్తుందని నాకు తర్వాత అర్థమైంది. ఆ గరగరలో మనిషి మాట ఉన్నా అది మనకు వినపడదు.

అనుమానం వచ్చాక ఒక శుక్రవారం నా కొత్త సెట్టు ఊడదీసి పాత లైనుకు తగిలించాను. తెర కూడా వెలగలేదు. డిజిటల్ గోడకు మోడెం పెడితే కాలుతుంది, మామూలు లైనుకు డిజిటల్ సెట్టు పెడితే మూగబోతుంది. కులాంతర వివాహాలకు మా ఆఫీసు ఇంకా సిద్ధంగా లేదు. ఆ తర్వాతి శుక్రవారం పక్క ఎస్టీడీ బూతులో ఒక పాత సెట్టు అడుక్కొచ్చి, మోడెం తీసేసి, దాన్ని పెట్టుకుని కూర్చున్నాను. వదిన కూడా కూర్చుంది. ఆ రోజు అన్న ఫోన్ చేయలేదు. వాళ్లకు ఆ వారం సెలవు లేదట, కాంక్రీటు పోశారట, తర్వాత తెలిసింది. షోలాపూర్ వాళ్లు మాత్రం చేశారు. నేను ఎత్తి హలో అన్నాను. వాళ్ల మిషను నా హలోను లెక్కచేయలేదు. ఆర్డరు ఎదురు దుకాణానికి పోయింది. ఇప్పుడు ఆయనకు కారూ ఉంది, ఆర్డరూ ఉంది.

మా సేటు ఈసారి కోప్పడ్డాడు. మోడెం మీద ఇంకెవరి చెయ్యీ పడకూడదన్నాడు. ఆయన బాధలో న్యాయం లేదని అనలేను. కార్డు వస్తే అన్నీ సర్దుకుంటాయి కదా అన్నాడు.

ఆ కార్డు ఎంతకీ రాలేదు. వదినను తీసుకుని మందుల కోసం జగిత్యాల పోయినప్పుడు మెకానిక్ షాపుకు పోయి కూర్చున్నాను. లేవలేదు. కాసేపటికి ఆయనకు ఇబ్బందై, కోరుట్లలో ఒక ఏజెన్సీలో ఇదే సిస్టం పెట్టాననీ, వాళ్లు కంప్యూటరు అమ్మేశారు కాబట్టి వాళ్ల కార్డు పనిలేకుండా ఉందనీ చెప్పాడు. వదినను సిరిసిల్ల బస్సెక్కించి నేను కోరుట్ల బస్సెక్కాను. ఏజెన్సీ ఆయన మంచివాడు. మీకొచ్చినంక తిరిగివ్వండి అని పెట్టె తెరిచి కార్డు తీసి ఇచ్చాడు. పేపర్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే పక్కసీటాయన స్వీటా అని అడిగాడు. అవునన్నాను.

మెకానిక్ వచ్చి కార్డు దించాడు. మోడెం కాలలేదు. పాత నంబరు కూడా సిస్టంలోకి వచ్చి ముందు నా టేబుల్ మీదే మోగేటట్టు పెట్టాడు. నేను ఎత్తాలి. అవతల మనిషైతే మాట్లాడాలి, మిషనైతే మోడెం ఎక్స్‌టెన్షన్‌కు పంపాలి. జీవితంలో నా కింద పనిచేసిన ఏకైక ఉద్యోగి ఆ మోడెం. షోలాపూర్‌తో రెండు రోజులు పరీక్ష చేశాం. అన్నీ బాగా పనిచేశాయి.

శుక్రవారం మధ్యాహ్నం దాటాక పాత నంబరు మోగింది. ఎత్తాను. హలో అనేలోపలే అటునుంచి మాట మొదలైంది.

"ఏమే, నేనే, ఇయ్యాల సుత కూతనే వెడ్తదేమో గని, జెప్తన్న ఇను..."

"అన్నా, నేను."

లైను ఎంత బాగుందంటే ఆయన ఊపిరి వినపడింది.

"నీకు ఇనవడ్తన్నదారా? ఇన్ని వారాల సంది కూత తప్పితే ఏం లేదు. అయినా అన్ని జెప్పిన. మీకు ఇనవడ్డది గద."

మోడెం సంగతి చెబుదామని నోరు తెరిచాను. అన్న ఆగలేదు. ప్రతి వారం అడిగాడట, సంతకం పెట్టాల్నా, ఇంటికి రావాల్నా అని. వద్దంటే ఏదో రకంగా కబురు వస్తుందనుకున్నాడట. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి సరే అన్నట్టే కదా అనుకుని, గడువు అయిపోతే మొన్ననే సంతకం పెట్టేశాడట. పాస్‌పోర్టు మళ్లీ కంపెనీకే ఇచ్చేశాడట.

వదిన అప్పటికే వచ్చి నా పక్కన నిలబడి ఉంది. ఫోన్ ఇచ్చాను. సేటు తలొంచుకుని ఏదో రాసుకుంటున్నాడు. ఆసాములు నూలు కండెలు చూస్తున్నట్టు నటిస్తున్నారు. అన్న చెప్పేది నాకు వినపడలేదు. ఆమె మాటలు అందరికీ వినపడ్డాయి.

"ఆ." కొంచెం ఆగి, "సంతకం పెట్టినవా." ఇంకా ఆగి, "ఆ, ఇన్న. అన్ని ఇన్న." తర్వాత, "మంచిగనే జేసినవ్. పిల్ల మంచిగున్నది. ఆ."

ఫోన్ మెల్లగా పెట్టేసింది. అంత స్పష్టమైన లైను మా ఆఫీసుకు అంతకుముందు ఎన్నడూ రాలేదు.

నేను వెనకాలే గల్లీలోకి పోయాను. ఎందుకట్లా చెప్పావు అని అడిగాను. సంతకం పెట్టినవాడికి ఇప్పుడు గుండె సంగతి చెబితే అక్కడ నిద్రపోడు, ఇక్కడికి రాలేడు, రెండిటికీ చెడతాడు అంది. అది నాకు అర్థమైంది. వినలేదు కదా, విన్నానని ఎందుకన్నావు అని అడిగాను.

"అన్ని వారాలు ఆడ నిలవడి నోరు నొయ్యంగ జెప్పిండు. ఎవ్వలు ఇనలేదంటే ఎట్లుంటది మరిది?"

ఆ తర్వాత అన్న ఫోన్లు మామూలుగా వచ్చాయి. ఆ, మంచిగున్న, పిల్ల బడికి పోతన్నది. కానీ వదినకు ఒక విచారం పట్టుకుంది. బీడీలు చుడుతూ చుడుతూ ఉన్నట్టుండి అడిగేది, ఏం జెప్పి ఉంటడు మరిది అని. సంతకం మాట ఒక్కటే అయితే అన్ని వారాలు, ప్రతి వారం రెండు మూడుసార్లు, కట్ అయితే మళ్లీ చేసి మరీ చెప్పేదేముంటుంది? నేను జోకులేసేవాణ్ని. అక్కడి పప్పు బాగాలేదని చెప్పి ఉంటాడనేవాణ్ని. నీ చెల్లెలి పెళ్లిలో పెట్టిన మాంసం గురించి ఇంకా తిడుతుండి ఉంటాడనేవాణ్ని. ఆమె నవ్వేది కాదు. ఒకసారి తునికాకు కత్తిరించడం ఆపి అంది.

"మొగోళ్లు ఒక్కళ్లే ఉండి, అవతల మన మాట ఇంటన్నరో లేదో తెల్వకపోతే, ఏం మాట్లాడ్తరు?"

బీకాంలో ఇది లేదు.

ఆపరేషన్ గురించి నేను చెప్పాను, వదిన అన్నదమ్ములు వచ్చి చెప్పారు, జగిత్యాల డాక్టరు మందలించాడు. ఆమెకు మాత్రం ఆయన వచ్చినంక అనే మాట తప్ప ఇంకో మాట లేదు. ఆ సంతకం తర్వాత రెండో వానాకాలంలో ఒక పగటిపూట, ఇంట్లో, చాట ముందు కూర్చునే ఉండి వదిన వెనక్కి వాలింది. పక్కింటివాళ్లు నన్ను పిలవడానికి ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి అరిచారు. నేను పోయేసరికి అయిపోయింది.

కంపెనీ అన్నను వెంటనే పంపలేదు. దినాలు అయిపోయాక వచ్చాడు. గడ్డం పెరిగి, సంచి ఒకటే పట్టుకుని. గుండె సంగతి అప్పుడే తెలిసింది ఆయనకు, అందరూ ఒకేసారి చెప్పారు. తిట్టడానికి మనిషి కోసం చూసినట్టు చూశాడు గానీ ఎవరినీ తిట్టలేదు. కొన్నాళ్లకు, పిల్ల బడికి పోయిన వేళ, ఇంటి ముందు ఇద్దరం కూర్చుని ఉన్నాం. సాంచెలు నడుస్తున్నాయి. ఆయన నావైపు చూడకుండా అడిగాడు.

"నేను శుక్రవారం శుక్రవారం మాట్లాడినయి. అన్ని ఇన్నది గద అది?"

"ఇన్నది. నీకే జెప్పింది గద అన్నా."

"ఆ, జెప్పింది. నీకు ఇనవడ్డదా?"

"నాకెట్ల ఇనవడ్తది, ఫోను ఆమె చేతుల ఉండె."

ఆయన భుజాలు కొంచెం దిగాయి. ఆ మాటలు ఇంకో మనిషి వినలేదన్న నెమ్మది.

"మొకం ముంగట ఎన్నడు అనలే నేను గవి. ఆడ కూత వెడ్తుంటే సిగ్గనిపియ్యలే."

వదిన అడిగిన ప్రశ్నకు సగం జవాబు అప్పుడు దొరికింది నాకు. చెప్పడానికి ఆమె లేదు. మిగతా సగం ఆయన చెప్పడు, నేను అడగను.

"ఏమన్నది?" అన్నాడు అన్న.

వదిన విన్నానని చెప్పి పోయింది. అది ఇప్పుడు నేను మోయాలి. మోడెం సంగతి చెబితే ఆ మాటలు ఎక్కడా లేకుండా పోతాయి. అట్లాగని ఆమె అనని మాట ఆమె నోట్లో పెట్టడానికి నాకు ధైర్యం రాలేదు.

"ఏమనలే. అంతమందిల ఏమంటది? నవ్వింది."

"నవ్విందా?"

"కొంగు అడ్డం బెట్టుకున్నది గని, నవ్వింది."

అన్న తలూపాడు. లేచి, తీగ మీద ఆరిన పిల్ల బడిగౌను తీసి, చేతులు లోపలికి మడవాలో బయటికి మడవాలో తెలియక రెండు రకాలుగానూ మడిచి చూశాడు. నవ్వింది, అని మళ్లీ అన్నాడు. ఈసారి నన్ను అడగలేదు.